ఖాడీ పక్క తోటకు పురస్కారం

నేను తొందరగా మరిచిపోయే మనిషిని కాదు. రెండో తరగతిలో నా పలక పగలగొట్టిన పిల్ల పేరు ఇప్పటికీ చెప్పగలను, దాని మొగుడి పేరు కూడా చెప్పగలను. అందుకని దక్షిణామూర్తిగారు మా ఆయన పేరు తీసేసి ఆ చోట తన భార్య పేరు పెట్టుకున్న ఆ ఎండాకాలం గురించి నేను చెప్పేదాంట్లో న్యాయం పాలు తక్కువ, కసి పాలు ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన నర్సింగం సూరత్‌లోని పాండేసరలో ఇరవై రెండేళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ మోతకు చెవులు మందగించాక పని మానుకుని, డిండోలిలో నీలకంఠ రెసిడెన్సీ అనే అపార్టుమెంట్లలో మాలీగా చేరాడు. ఆ అపార్టుమెంట్ల వెనక గోడకూ, ఖాడీ అనే మురుగుకాలువకూ మధ్య అరెకరం మున్సిపాలిటీ జాగా ఉండేది. అక్కడ కూలగొట్టిన ఇళ్ళ పెంకులూ, మిల్లుల్లోంచి వచ్చిన గుడ్డపీలికలూ గుట్టలు పడి ఉండేవి. ఎవరూ చెయ్యమనలేదు, జీతంలో అది లేదు, అయినా ఆయన ఐదేళ్ళు కూర్చుని దాన్ని తోట చేశాడు. వెదురుబొంగులు పాతి, సాంచాల దగ్గర పారేసే తెగిన దారాలు బస్తాల్లో మోసుకొచ్చి, వాటితో పందిళ్ళు అల్లాడు. వాటి మీదికి దొండ, బీర, శంఖపుష్పం, రాధామనోహరం పాకించాడు. కింద గోంగూర, చుక్కకూర మళ్ళు. పొద్దున్నే అపార్టుమెంట్లలోని ముసలివాళ్ళు, సాయంత్రం మా గల్లీ ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. అక్కడ కూర్చుంటే ఖాడీ కంపు కూడా తెలిసేది కాదు.

నేను లింబాయత్‌లో మున్సిపల్ తెలుగు బడిలో టీచర్ని. ఊళ్ళో ఉద్యాన మిత్రమండలి అని ఒకటుందనీ, సొంత చేతులతో ఊరిని పచ్చగా చేసినవాళ్ళకు ప్రతి జూన్ ఐదో తారీఖున పురస్కారం ఇస్తుందనీ బడిలోనే విన్నాను. శాలువా, పతకం సంగతి అటుంచితే, గెలిచినవాళ్ళకు మున్సిపాలిటీ ఒప్పుకోలుతో ఆ జాగాను ఐదేళ్ళు చూసుకునే దత్తతపత్రం రాసిస్తారు. నాకు కావలసింది ఆ పత్రం. ఎందుకంటే సొసైటీ చైర్మన్ దక్షిణామూర్తిగారు అప్పటికే మీటింగులో ఒక నక్షా చూపించారు. తోటంతా చదును చేసి, విదేశీ గడ్డి పరిచి, లైట్లు పెట్టి, పెళ్ళిళ్ళకు కిరాయికి ఇవ్వాలని ఆయన ఆలోచన. పత్రం నర్సింగం పేరు మీద ఉంటే ఒక్క దొండతీగను కూడా ఎవరూ ముట్టుకోలేరు.

ఫిబ్రవరిలో మూడు ఆదివారాలు కూర్చుని హిందీలో అర్జీ రాశాను. తోట గేటు సొసైటీ గోడలో ఉంది కాబట్టి చైర్మన్ ఉత్తరం జతచెయ్యాలన్నారు. కట్ట మొత్తం తీసుకెళ్ళి దక్షిణామూర్తిగారి చేతిలో పెట్టాను. ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. మాది కరీంనగర్ వైపు, వాళ్ళది గోదావరి వైపు అయినా సూరత్‌లో తెలుగు మాట వినిపిస్తే చాలు మనవాళ్ళే అనిపిస్తుంది కదా. "పెట్టి వెళ్ళమ్మా, నేను చూసి పంపిస్తాను" అన్నారు. నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టి వచ్చాను. ఇన్నింటిలోనూ ఆ దండమే నన్ను ఎక్కువగా కాల్చింది.

ఏప్రిల్ రెండో వారంలో స్టాఫ్‌రూమ్ బల్ల మీద గుజరాతీ పేపరు చూశాను. పురస్కారానికి తుది జాబితాలో ఐదుగురు నిలిచారని వార్త. పైన ఫోటోలో మా పందిరి కింద దక్షిణామూర్తిగారి భార్య శారదాంబగారు నిలబడి ఉన్నారు. చేతిలో కొత్త నీళ్ళడబ్బా, దాని మీద కంపెనీ స్టిక్కరు కూడా తియ్యలేదు. కింద ఇలా ఉంది: 'ఐదేళ్ళ కింద ఇక్కడ గాలికి కూడా కూర్చోవడానికి చోటు లేదు, అంటున్నారు శ్రీమతి శారదాంబ.'

అది అర్జీలో నేను రాసిన నా వాక్యం. దానికోసం ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. మా ఆయన పేరు పోయిందన్న బాధ కన్నా ముందు నా వాక్యం పోయిందన్న మంట తగిలింది నాకు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్న నర్సింగం పక్కన పేపరు పెట్టాను. ఆయన వంగి చూశాడు.

"శారదమ్మ ఫోటో మంచిగొచ్చింది" అన్నాడు.

"గది నీ తోట. నీ పేరు తీసేసి ఆమె పేరు పెట్టిండ్రు" అని చెవి దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పెట్టుకోనీ తియ్. తోటనైతే ఎత్తుకపోలే గదా."

"ఎత్తుకపోతరు. పత్రం వాళ్ళ చేతిల పడ్డంక గడ్డి పరుస్తరు, పెండ్లిళ్ళు చేస్తరు. నువ్వు గేటు బయట నిలబడి సూస్తవ్."

"జర ఊకో సంగీతా" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

కంచంలో సగం అన్నం అలాగే ఉంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. సాంచాలు మూతబడ్డ నెలల్లో కూడా ఆయన కంచంలో మెతుకు వదలలేదు. ఆ సగం కంచం తీసి కడుగుతున్నప్పుడు నేను గట్టిగా అనుకున్నాను, ఈ మనిషిని వదిలిపెట్టకూడదని. మండలికి ఫిర్యాదు రాయవచ్చు. కానీ అది మాలీ పెళ్ళాం ఏడుపుగా మిగిలిపోతుంది, మర్నాడే మా ఆయన ఉద్యోగం పోతుంది. దక్షిణామూర్తి తనంతట తాను మునగాలి, నేను గట్టున నిలబడి చూడాలి. నాకు కావలసింది అదీ.

మర్నాడు సాయంత్రం రెండో అంతస్తులోని వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాను. ఆయన సోఫాలో కూర్చుని ఉన్నారు. శారదాంబగారు వంటింటి గుమ్మంలో కనపడి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ ఎప్పుడూ అంతే, ఉన్నట్టే ఉండరు.

"సార్, అర్జీల మా ఆయన పేరు..." అన్నాను.

ఆయనకు సంకోచమేమీ లేదు. అదే నన్ను ఆశ్చర్యపరిచింది. "చూడమ్మా సంగీతా. నర్సింగం మన సొసైటీ మాలీ. వాడు చేసింది సొసైటీ చేసినట్టే. ఆఫీసులో గుమాస్తా ఉత్తరం రాస్తాడు, ఆఫీసరు సంతకం పెడతాడు. అది ఎవరి ఉత్తరం? ఆఫీసరుదే కదా. సొసైటీ పదవుల్లో ఉన్నవాళ్ళు పోటీకి పనికిరారని రూలు పెట్టారు కాబట్టి మా ఆవిడ పేరు రాయించాను. లేకపోతే నా పేరే ఉండేది."

అంటే దొంగతనం చేసినట్టు కూడా ఆయనకు తెలియదు. దొంగను కొట్టొచ్చు, తిట్టొచ్చు. తాను దొంగనని తెలియనివాడిని ఏం చెయ్యాలి? నా ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం నవ్వుతూనే ఉన్నారు.

"ఇంకో మాటమ్మా. తుది జాబితాలో ఉన్నవాళ్ళు తోట ఎలా పెంచారో వివరణపత్రం ఇవ్వాలట, అందులో ఉన్నదంతా నిజమని నేను సంతకం చెయ్యాలి. మే ఆఖరి ఆదివారం న్యాయనిర్ణేతలు వచ్చి మా ఆవిణ్ణే అడుగుతారట. నీ చెయ్యి బాగుంటుంది. ఇదివరకటిలాగే డ్రాఫ్టు రాసి తీసుకురా. ఆవిడకు హిందీ అంతంతమాత్రం, కాస్త చదివించు కూడా." ఆగి, గొంతు తగ్గించి అన్నారు, "నర్సింగం ఉద్యోగం సంగతి నేను చూసుకుంటానులే."

చూసుకుంటాననడంలో బెదిరింపు నాకు అర్థమైంది. "రాస్తాను సార్" అన్నాను. తల వంచుకునే అన్నాను. తల ఎత్తితే నా కళ్ళలో ఏముందో ఆయనకు తెలిసిపోయేది.

ఇక్కడ నేతముడి గురించి రెండు మాటలు చెప్పాలి. సాంచా మీద రోజుకు వంద పోగులు తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ మళ్ళీ కలపాలి, కలిపిన ముడి మగ్గం మీది దువ్వెనలాంటి అచ్చు పళ్ళలోంచి తగలకుండా జారిపోయేంత చిన్నదిగా ఉండాలి. కంటితో చూసి కట్టేది కాదు అది. రెండు వేళ్ళ మధ్య ఒక తిప్పు తిప్పితే పడిపోతుంది, అంతే. మా వాళ్ళ చేతికి అది అలవాటు. మా ఆయన పందిళ్ళ మీది ప్రతి తీగా, ప్రతి దారమూ ఆ ముడితోనే కట్టి ఉంటుంది, వేరే ముడి ఆయనకు రాదు కూడా. అటు దక్షిణామూర్తిగారు ఇరవయ్యేళ్ళుగా ఈ దారాల ఊళ్ళో ఉన్నారు. కానీ దారం గురించి ఆయనకు తెలిసిందల్లా చొక్కాకు గుండీ ఊడితే కుట్టేది అని మాత్రమే.

పేపర్లో న్యాయనిర్ణేతల పేర్లు కూడా వేశారు. మొదటి పేరు హంసాబెన్ జరీవాలా. తరాల నుంచి జరీ దారం తీసిన ఇళ్ళవాళ్ళకు ఉండే ఇంటిపేరు అది. ఆ ఇంటిపేరు చూడగానే రెండు రోజుల తర్వాత మొదటిసారి నాకు బాగా ఆకలి వేసింది.

నాలుగు పేజీల పత్రం రాశాను. అంతా నిజమే రాశాను, 'నర్సింగం' అని ఉండాల్సిన చోటల్లా 'శ్రీమతి శారదాంబ' అని పెట్టాను. మూడో పేజీ మధ్యలో మాత్రం మూడు వాక్యాలు ప్రత్యేకంగా చేర్చాను. 'ఈ పందిళ్ళలో పదకొండు వందల ముడులున్నాయి. ప్రతి ముడినీ శ్రీమతి శారదాంబ స్వయంగా కట్టారు. మరొకరి చెయ్యి పడలేదు.' ముడులు లెక్కపెట్టింది నేనే. అబద్ధం గట్టిగా నిలబడాలంటే లోపల ఒక సరైన అంకె ఉండాలి.

పత్రం తీసుకెళ్ళినప్పుడు టీవీలో క్రికెట్ వస్తోంది. దక్షిణామూర్తిగారు కాగితాలు అందుకుని, తిన్నగా నాలుగో పేజీ తీసి, సంతకం పెట్టి తేదీ వేశారు.

"చదవరా సార్?" అని అడిగాను. అడగడం నా ధర్మం అనిపించింది. తర్వాత ఎవరూ నన్ను మోసగత్తె అనకూడదు.

"ముప్పై ఆరేళ్ళు సంతకాలు పెట్టానమ్మా. రాసినవాళ్ళ మొహం చూస్తే చాలు" అన్నారు, టీవీ వైపు చూస్తూనే.

నేను నా మొహాన్ని ఎంత వినయంగా పెట్టుకున్నానంటే, ఇంటికెళ్ళేసరికి దవడలు నొప్పి పుట్టాయి.

మేలో బడికి సెలవులు. శారదాంబగారు మూడు మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి చదువుకున్నారు. మా ఇల్లు ఒక గది, ఒక రేకుల వంటిల్లు. ఆవిడ ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబోతే, "నిలబడి చెప్పాలి మేడం, ఆ రోజు నిలబడే చెప్పాలి కదా" అన్నాను. నిలబడ్డారు. నాకు చాలా తృప్తిగా ఉండింది. బడిలో పిల్లల్ని కూడా నేను అంత కఠినంగా నిలబెట్టలేదు. ఆవిడకు 'మిట్టీ' అని రావలసిన చోట నోరు తిరిగేది కాదు, పేజీ సగంలో దారి తప్పేవారు, మళ్ళీ మొదటికి వెళ్ళేవారు. నేను కర్ర పట్టుకోలేదన్న మాటే గానీ మిగతా అంతా బడే.

మూడో రోజు మూడో పేజీకి వచ్చాం. ముడుల గురించిన వాక్యాలు నేను ముందు చదివి వినిపించాను. ఆవిడ నా మొహంలోకి చూశారు.

"ఇది కూడా చెప్పాలా సంగీతా?"

"చెప్పాలి మేడం. వాళ్ళు తప్పకుండా అడిగేది ఇదే."

"మరొకరి చెయ్యి పడలేదని కూడానా?"

"అది కూడా."

ఆవిడ ఒకసారి పెదవులు కదిపి లోపల చదువుకున్నారు. తర్వాత ఆ మూడు వాక్యాలూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పారు. మిగతా పేజీల్లో ఎక్కడా రాని హిందీ అక్కడ నీళ్ళలా వచ్చింది. నా పాఠం గొప్పదనమే అనుకుని లోలోపల మురిసిపోయాను. పాపం అని మాత్రం అనుకోలేదు. పేపర్లో ఆ కొత్త డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎలా అనుకోను?

మే ఆఖరి ఆదివారం పొద్దున మబ్బుపట్టి ఒకటే ఉక్కపోత. దక్షిణామూర్తిగారు తోటలో కుర్చీలు వేయించి, మంచినీళ్ళ సీసాలు పెట్టించి, నర్సింగాన్ని మోటారు గది దగ్గరే ఉండమన్నారు. నన్ను మాత్రం ఆవిడ పక్కన నిలబడమన్నారు, మాట మరిచిపోతే అందించడానికి. అంటే మొదటి వరుసలో నాకు చోటు ఆయనే ఇచ్చారు.

ముగ్గురు వచ్చారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆయన ఒకరు, మండలి కార్యదర్శి ఒకరు, హంసాబెన్. ఆవిడకు డెబ్భై ఐదు దాటి ఉంటాయి. చేతికర్ర, నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. చంకలో నా నాలుగు పేజీలున్న ఫైలు. శారదాంబగారు నడుస్తూ చెబుతున్నారు, అక్కడక్కడా తడబడుతున్నారు, నేను మాట అందిస్తున్నాను. కార్యదర్శి తలాడిస్తున్నాడు. దక్షిణామూర్తిగారు వెనక చేతులు కట్టుకుని, తానే విత్తనం నాటినట్టు ప్రతి మొక్కనూ పలకరిస్తున్నారు.

రాధామనోహరం పందిరి దగ్గరికి వచ్చేసరికి ముడుల వాక్యాలు వచ్చాయి. శారదాంబగారు ఆగి, గొంతు సవరించుకుని, మూడూ స్పష్టంగా చెప్పారు.

హంసాబెన్ కళ్ళద్దాలు పెట్టుకుని పందిరి దగ్గరికి వెళ్ళారు. ఒక ముడిని వేలి కొసతో తడిమారు. పక్కదాన్ని తడిమారు. వంగి కింద వరుస చూశారు. "ఇవన్నీ మీరే కట్టారా బెన్?" అని హిందీలో అడిగారు.

"నేనే" అన్నారు శారదాంబగారు.

హంసాబెన్ వేలాడుతున్న దారం ముక్క ఒకటి పుటుక్కున తెంచి, రెండు కొసలూ ముందుకు చాచారు. "ముసలిదాన్ని, సరదా పడుతున్నాను. ఒక్కటి కట్టి చూపించండి."

దీనికోసమే నేను నెలన్నర ఆగాను. శారదాంబగారు రెండు కొసలూ తీసుకున్నారు. వాటిని చూశారు. కట్టడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. మెల్లగా తిరిగి హంసాబెన్ అరచేతిలో పెట్టి, నా కాగితంలో లేని హిందీలో, "నాకు రాదు. నేనెప్పుడూ కట్టలేదు" అన్నారు.

దక్షిణామూర్తిగారు నవ్వారు. "కళ్ళద్దాలు తెచ్చుకోలేదండీ మా ఆవిడ. దగ్గరివి ఆనవు."

హంసాబెన్ ఆయన వైపు తిరగనే లేదు. "మరి ఎవరు కట్టారు బెన్?"

"నర్సింగం" అన్నారు శారదాంబగారు. మోటారు గది వైపు తిరిగి, ఆయన చెవులకు వినపడేలా గట్టిగా పిలిచారు. "నర్సింగం, ఇలా రా." ఆవిడకు అంత గొంతు ఉందని ఆ అపార్టుమెంట్లలో ఎవరికీ తెలియదు.

నర్సింగం నీళ్ళ పైపు చంకలో పెట్టుకుని వచ్చాడు. హంసాబెన్ కొసలు చాచారు. ఏమడుగుతున్నారో అర్థం కాక ఆవిడ మొహం వైపు చూస్తూనే తీసుకున్నాడు. చూస్తుండగానే ముడి పడిపోయింది. తాను ముడి వేసినట్టు ఆయనకు తెలిసినట్టు కూడా లేదు. హంసాబెన్ రెండు వైపులా లాగి చూశారు.

"ఏ ఖాతాలో పని చేశావు?" అని అడిగారు. సాంచాలుండే చోటును సూరత్‌లో అలాగే అంటారు.

"పాండేసర, బెన్. ఇరవై రెండేళ్ళు."

"మా పుట్టింట్లో ఈ ముడి రాని పిల్లకు పొద్దున చాయ్ ఇచ్చేవారు కాదు" అని ఆవిడ నవ్వారు. నవ్వుతూనే ఫైలు తెరిచి నాలుగో పేజీ తీశారు. "ఇందులో ఉన్నదంతా నిజమని సంతకం పెట్టింది ఎవరు?"

"డ్రాఫ్టు నేను రాయలేదండీ" అన్నారు దక్షిణామూర్తిగారు.

"సంతకం?"

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఐదేళ్ళలో ఆయన నన్ను పూర్తిగా చూసింది అప్పుడే. ఎర్రబడ్డ ఆ మొహం, తెరుచుకున్న ఆ నోరు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. బడిలో తలనొప్పిగా ఉన్న రోజున తీసి చూసుకుంటాను. నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టాను.

తర్వాత జరిగినవి త్వరత్వరగా జరిగిపోయాయి. అబద్ధపు సంతకం కింద ఆ అర్జీని మండలి కొట్టేసింది. అసలు అర్జీ ఏదైనా ఉందా అని కార్యదర్శి అడిగితే, ఫిబ్రవరిలో నేను రాసిన పేజీలన్నింటి ఫోటోలూ నా ఫోన్లోంచి పంపించాను. జూన్ ఐదున నర్సింగానికి ఉద్యానమిత్ర పురస్కారం ఇచ్చారు. స్టేజీ మీద పేరు పిలిస్తే ఆయనకు వినపడలేదు, నేను మోచేత్తో పొడిస్తే లేచాడు. శాలువా కప్పుకుని దిగివచ్చి, "బాగ ఉబ్బరిస్తుంది గిది" అన్నాడు. దత్తతపత్రం మాత్రం చొక్కా లోపల పెట్టుకుని ఇంటిదాకా చెయ్యి తియ్యలేదు. ఆ వారంలోనే దక్షిణామూర్తిగారు ఆరోగ్యం బాగాలేదని చైర్మన్ పదవి వదులుకున్నారు. ఆరోగ్యం దివ్యంగా ఉందని అందరికీ తెలుసు.

నాకు అది చాలలేదు. ఆదివారం పేడాలు తీసుకుని నీలకంఠలో నలభై ఎనిమిది ఫ్లాట్లకూ పంచడానికి బయలుదేరాను. "గదంత ఎందుకు?" అన్నాడు నర్సింగం. "సంతోషం పంచుకోవద్దా?" అన్నాను. నలభై ఏడు తలుపులు ఒక్క తలుపు కోసమే కొట్టాను. దాన్ని ఆఖరికి ఉంచుకున్నాను.

శారదాంబగారు తలుపు తీశారు. లోపల టీవీ మోగుతోంది. ఆయన కాళ్ళు మాత్రం సోఫా చివర కనిపిస్తున్నాయి.

"స్వీట్లు మేడం. మా ఆయనకు పురస్కారం వచ్చింది కదా" అన్నాను. ఆవిడ మొహం పాలిపోతుందనీ, తలుపు వేసేస్తారనీ, లేదా నిష్ఠూరంగా ఒక మాట అంటారనీ ఎదురుచూశాను. ఏదైనా సరే తీసుకోవడానికి సిద్ధంగా వెళ్ళాను.

ఆవిడ ఒక పేడా తీసుకుని, అక్కడే గుమ్మంలో నిలబడి కొరికారు. "బాగుంది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ముడుల సంగతి నువ్వు చదివి వినిపించినప్పుడే నాకు తెలుసు సంగీతా. ఐదేళ్ళు వంటింటి కిటికీలోంచి నర్సింగం చేతులు చూస్తూ కూరలు తరిగాను. అవి ఎవరు కట్టారో నాకు తెలియదా?"

"తెలిసి... ఎందుకు చెప్పారు మరి?"

"నా పేరు పెట్టేటప్పుడు ఆయన నన్ను అడగలేదు. డబ్బా పట్టుకుని నిలబడమన్నారు, నిలబడ్డాను. ఎందుకో నీలాగే పేపర్లో చూసి తెలుసుకున్నాను. నాకు యాభై తొమ్మిదేళ్ళు. నా పేరు అచ్చులో పడటం అదే మొదలు. అది కూడా ఇంకొకళ్ళది లాక్కుని." మిగతా సగం పేడా నోట్లో వేసుకున్నారు. "కళ్ళద్దాలు లేవని నేను కూడా అంటే ఆ పెద్దావిడ వదిలేసేది. నీ కాగితం కాగితంలాగే ఉండిపోయేది. కళ్ళద్దాలు నా నడుముకే దోపుకుని ఉన్నాయి ఆ రోజు."

నేను డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ ఇంకో పేడా తీసి అరచేతిలో పెట్టుకుని, లోపలికి తిరిగి ఎంతో ప్రేమగా పిలిచారు. "ఏవండీ, నర్సింగం వాళ్ళు స్వీటు పంపించారు. వస్తున్నా, నోరు తియ్యండి."

ఆ గొంతు విని నాకు భయం వేసింది. నా కసి ఒక ఎండాకాలంతో చల్లారేది. ఆవిడది ఆ ఇంట్లో ఉండిపోయేది, ఆయనకు రోజూ వడ్డించేది.

మెట్లు దిగుతుంటే నా ఒళ్ళంతా మంట. నెలన్నర పాటు నేను పళ్ళు బిగబట్టి అల్లుకున్నది, ఆవిడ ఒక్క నిమిషంలో తీసేసుకున్నట్టు అనిపించింది. కింద తోటలో నర్సింగం బీరతీగ పైకెక్కిస్తూ, "ఏమన్నది శారదమ్మ?" అని అడిగాడు. "ఏం లేదు, తీసుకున్నది" అన్నాను.

ఇప్పుడు తోట ఆయన పేరు మీద ఉంది. సాయంత్రాలు మా గల్లీ ఆడవాళ్ళు, అపార్టుమెంట్ల వాళ్ళు పందిరి కింద చేరితే ఆ రోజు సంగతి చెప్పమని నన్నే అడుగుతారు. నేను చెబుతాను. హంసాబెన్ దారం ఇవ్వగానే శారదాంబగారి చేతులు గడగడ వణికాయనీ, నోట మాట పెగల్లేదనీ, గుడ్లప్పగించి చూస్తుంటే హంసాబెనే నర్సింగాన్ని పిలిపించిందనీ చెబుతాను. అందరూ నవ్వుతారు. "నువ్వు మామూలుదానివి కాదు సంగీతా" అంటారు. ఒక్కోసారి శారదాంబగారు కూడా వచ్చి ఆ చివర బల్ల మీద కూర్చుని, మొదటి నుంచి ఆఖరుదాకా వింటారు. అలా కాదని ఒక్కసారి కూడా అనలేదు.

దక్షిణామూర్తిగారి మీద నాకిప్పుడు కోపం లేదు. ఆవిడ మీద ఉంది.